వృద్ధగాయకులును మన శ్రోతృధర్మమును

రామతీర్థము చిన్న యూరు. రామస్వామివారి కోవెలయు, బోధికొండయు, గురుభక్తులకొండయు, ఆ కొండలపై బౌద్ధులును జైనులును విడిచిపోయిన శిథిలములును తప్ప పరస్థలములవారికి ఇచ్చట చూడదగినది వేఱొకటి లేదు. అట్టి యూర, భీష్మైకాదశి నాడు స్వామివారి కల్యాణమునకు వచ్చిన చుట్టములతో మా యిల్లు నిండియున్న రాత్రి, పదిమంది యరుగుమీద గూర్చుండి యొక వాదము పెట్టుకొనిరి. వాదము తెగలేదు. కాని యందుమూలమున మా యింట నొక చిన్న సంగతి జరిగినది. ఆ సంగతియే మా చేత నీ నాలుగు మాటలను వ్రాయించుచున్నది.

వాదమునకు మూలము టెలివిజను. నలువది యేబదియేండ్ల క్రిందట సినిమాలలో పాడి తెలుగువారి నందఱిని మురిపించిన గాయనీగాయకులు, చాలకాలమునకు ఒక్క వేదికపై గూడి, తమ పాత యుగళగీతములను మరల పాడిన కార్యక్రమమొకటి ఆ రాత్రి పునఃప్రసారమగుచుండెను. ఇట్టివి మనకు క్రొత్త కావు. 1996లో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యముగారు ఈటీవీలో ‘పాడుతా తీయగా’ ప్రారంభించిన నాటినుండి పాతపాటకు ఇంటింటను పీట పడినది. పిదప ‘స్వరాభిషేకం’ వేదికపై పి. సుశీలగారు, ఎస్. జానకిగారు మొదలగు పెద్దలే వచ్చి పాడగా చూచితిమి. బాలసుబ్రహ్మణ్యముగారు 2020 సెప్టెంబరు 25న గతించిరి. ఆ కూడికలలో కొన్ని ఇక నెన్నటికిని జరుగవు.

నెల్లిమర్ల జూటుమిల్లులో పనిచేసి విశ్రాంతి పొందిన పెద్దమనిషి యొకరు మొదట నోరు విప్పిరి. “మేష్టారూ, నా చెవిలో దాచుకొన్న గొంతును ఈ గొంతు వచ్చి చెఱిపివేయుచున్నదండీ. మానవలసిన వేళ మానుట గౌరవము గాదా?” అని వారనగా, ప్రక్కనున్న ఉపాధ్యాయులవారు చెవులు మూసికొని, “అపచారము బాబూ! వారు సరస్వతీస్వరూపులు. వారేమి పాడినను చేతులు జోడింపవలసినదే గాని మనము తప్పెన్నరాదు” అనిరి. పెద్దలలో సగము మంది ఆ వైపును, సగము మంది ఈ వైపును చేరిరి.

విజయనగరమున చదువుకొనుచున్న మా మేనల్లుడు రాక్ అను పాశ్చాత్య గానమునందు మిక్కిలి ప్రీతి కలవాడు. “మామయ్యా, ఈ తగవు మనదొక్కటే కాదు” అని వాడు చెప్పిన సంగతులు వినదగినవి. ఇథియోపియా కఱవు బాధితుల సహాయార్థమై 1985 జూలై 13న లండనులోను ఫిలడెల్ఫియాలోను జరిగి, దేశదేశముల టెలివిజనులో ప్రసారమైన ‘లైవ్ ఎయిడ్’ సభలో, లెడ్ జెప్పెలిన్ బృందమున మిగిలిన ముగ్గురు చాలకాలమునకు కలిసి పాడిరట. సాధన చాలక అది రసాభాసమయ్యెను. తరువాత ఆ సభాదృశ్యములను అమ్మకమునకు పెట్టినప్పుడు తమ పాటను చేర్చుటకు వారే ఒప్పుకొనలేదు. అదే బృందము, గతించిన తమ డ్రమ్ముల వాద్యకారుని స్థానమున ఆయన కుమారునే కూర్చుండబెట్టుకొని, ముందుగా వారములకొలది సాధన చేసి, 2007 డిసెంబరు 10న లండనులో పాడగా విమర్శకులే మెచ్చుకొనిరి. పింక్ ఫ్లాయిడ్ అను మఱియొక బృందమువారు తమలోని తగవులను ప్రక్కకు నెట్టి, 2005 జూలై 2న లండను హైడ్ పార్కులో ఇరువదినాలుగేండ్లకు నలుగురుగా నిలిచిరి. వారిలో రిచర్డ్ రైట్ 2008లో మరణించుటచే ఆ నలుగురి కూడిక మరల లేదు. ప్రతిమాఱును అక్కడి శ్రోతలును ఇట్లే రెండు కక్షలుగా చీలుదురట: ఒకరు “ఏల వచ్చిరి” అందురు, ఒకరు “వచ్చుటయే మహాభాగ్యము” అందురు.

ఇంతవరకు వినోదము. ఇక మా యింట జరిగిన సంగతి.

లోపలి సావడిలో ఆడువారును పిల్లలును టెలివిజను ముందు గూర్చుండిరి. వారిలో మా దొడ్డమ్మ యొకతె. ఆమెకు ఎనుబదియేండ్లు కావచ్చినవి. బాల్యమున విజయనగరములో కొన్నాళ్లు సంగీతము నేర్చినది. పెండ్లియైన పిదప ఆ విద్యయంతయు మంగళహారతుల మేరకు కుదించుకొనిపోయినది. ఆ రాత్రి తెరమీది వృద్ధగాయని పాట నెత్తుకొనగా, దొడ్డమ్మయు తనలో తాను గొంతు కలిపినది. చరణములో పైస్థాయి వచ్చినచోట తెరమీది గొంతును అందుకొనలేదు, దొడ్డమ్మ గొంతును అందుకొనలేదు. అప్పుడొక కుఱ్ఱవాడు ఫక్కున నవ్వి, “ముసలమ్మలకు ఈ పాటలెందుకర్రా!” అనెను. వాడు అన్నది టెలివిజనులోని యామెను గుఱించి. ఆ నవ్వు ఆమె చెవికి చేరదు. మా దొడ్డమ్మ చెవికి చేరినది. పొయ్యిమీద పాలు చూచి వత్తునని ఆమె లేచి లోనికి పోయినది. పొయ్యిమీద పాలు లేవు. మఱునాటి యుదయము దేవుని యెదుట పాట లేకయే హారతి యిచ్చినది. ఏబదియేండ్లుగా మా యిల్లెఱుగని మౌనమది.

కావున మేము చెప్పునదేమన: వృద్ధగాయకులు పాడవలెనా, మానవలెనా యనునది మనము తీర్చవలసిన తగవే కాదు. దానిని తీర్చుకొనుటకు వారున్నారు. ముదిసిన గొంతును వినుట మనకు తెలియునా యనునదే మన ప్రశ్న. ఆ విద్యయందు మనము, ఎగతాళి చేయువారమును పూజచేయువారమును గూడ, నిరక్షరాస్యులమై యున్నాము.

ఈ తగవు మన తాతలకు లేదు. వారికి రికార్డు లేకుండుటయే దానికి హేతువు. ఆదిభట్ల నారాయణదాసుగారు ముదిమిలో గజ్జెకట్టి కథ చెప్పినను, వినువారి యింట ఆయన ముప్పదియవ యేటి గొంతు పెట్టెలో దాచియుండలేదు. గాయకుడు ముదియుచుండగా శ్రోత జ్ఞాపకమును అతనితో కూడ ముదియుచుండెను. గ్రామఫోను వచ్చి గాయకుని యౌవనమును లక్కపళ్లెములో బంధించినది. మనిషి పెద్దవాడైనను పళ్లెము పెద్దది కాలేదు. లోకములో మఱి యే వృత్తివానికిని లేని శత్రువు నేటి గాయకునకు కలడు. ఆ శత్రువు తన యౌవనమే.

ఆ యౌవనపు గొంతైనను నిజముగా నిత్యపు గొంతేనా? ఆ కాలపు సినిమాపాటను గాయకులును వాద్యకారులును ఒక్క గదిలో నిలిచి కలిసి పాడి వాయించెడివారు. నడుమ నెవరు తప్పినను మొదటినుండి మరల సాగింపవలసినదే. అట్లు పలుమాఱులు పాడినవానిలో మేలైనదానిని ఏఱి లోకమునకు వినిపించిరి. మన చెవిలో నున్నది ఒక మనిషి గొంతు కాదు, ఆ మనిషి జీవితములో మిక్కిలి యదృష్టవంతమైన మూడు నాలుగు నిమిషములు. ఆ నిమిషములను తెచ్చి, అర్ధశతాబ్దము గడచిన పిదప ఆ మనిషి యెదుటనే త్రాసులో వేసి, ‘తూగలేదు’ అని తీర్పు చెప్పుట ఏమి న్యాయము?

ఈ మోహము ముదిరినచో నెంతవఱకు పోవునో సీమలో చూపిరి. స్వీడను దేశపు ఆబ్బా బృందమువారు నలుగురును సజీవులై యుండగనే, 2022 మే నెలలో లండనులో వారి యౌవనకాలపు రూపములను యంత్రసహాయమున తెరపై నిలిపి ఆడించి పాడించు ప్రదర్శనము మొదలైనది. అది ఆ నలుగురి సమ్మతితోనే జరిగినది గావున వారిని మేము తప్పుపట్టము. కాని శ్రోతల మనస్సు నెఱుగుటకు అంతకంటె మంచి యద్దము లేదు. మనిషి వచ్చి పాడిన ముఖము చిట్లించు లోకము, మనిషి నీడ వచ్చి పాడిన కరతాళధ్వనులు చేయును.

ఇక గొంతు సంగతి. వయస్సుతో స్వరతంతువుల బిగువు సడలును. ఊపిరి నిలుపు శక్తి తగ్గును. స్త్రీల కంఠము సామాన్యముగా క్రిందిశ్రుతికి దిగును, పురుషుల కంఠము మిక్కిలి ముదిమిలో కొంచెము పైకి జరుగును. ఇది ప్రకృతి, దోషము కాదు. పైస్థాయిలో మెఱసిన గాయనులకు దీనివలన కలుగు నష్టము హెచ్చు. పి. సుశీలగారు 1935 నవంబరు 13న మా విజయనగరముననే జన్మించి, అచ్చటి మహారాజావారి సంగీతకళాశాలలో శిక్షణ పొందినవారు. నేపథ్యగాయనికి జాతీయపురస్కారము పెట్టిననాడు దానిని మొట్టమొదట అందుకొన్నవారు. ఆఱు భాషలలో 17,695 పాటలు పాడిరని 2016లో గిన్నిస్ వారు నమోదుచేసిరి. అట్టి కంఠము అరువది యేండ్ల చాకిరి చేసిన పిదప పైషడ్జము నొద్ద తడబడెనా, ఆ తడబాటు ఆమె యోటమి కాదు, ఆ చాకిరికి లెక్క. ఐదున్నర శ్రుతిలో పాడిన పాటను నాలుగు శ్రుతికి దింపి పాడిన ఏమి కొఱత? కీర్తన పాడువారు తమ కంఠమునకు తగిన శ్రుతి పెట్టుకొనుటను ఎవరును తప్పనరు. సినిమాపాటను మాత్రము పాత రికార్డు శ్రుతికే వాద్యములు కట్టి, ఆ గుట్టనెక్కుమని పెద్దవారిని నిలువబెట్టుదుము. ఎక్కలేకపోయిన నవ్వుదుము.

ఈ నవ్వు అందఱియెడల సమానముగా నున్నదా? లేదు. ఈ సంగతిని మా చదువరులు, విశేషించి పురుషులు, మనస్సున పెట్టి ఆలోచింపవలెను.

ఘంటసాల వేంకటేశ్వరరావుగారును ఆ విజయనగర సంగీతకళాశాలలో చదివినవారే. ఆరోగ్యము చెడిన తుదిదినములలో ఆయన పాడిన భగవద్గీత, 1974 ఫిబ్రవరి 11న ఆయన గతించిన పిదప లోకమునకు వెలువడినది. ఆ గొంతు 1950 ప్రాంతపు గొంతు కాదు. అందు బరువున్నది, అలసటయు నున్నది. దానిని విని యెవడైన నవ్వెనా? తెలుగుదేశములో మరణము సంభవించిన యింట వినబడునది ఆ గొంతే. ఆ యలసట మనకు వేదాంతముగా వినబడినది. మా ప్రాంతమువారైన పీసపాటి నరసింహమూర్తిగారు (1920–2007) దశాబ్దముల పాటు శ్రీకృష్ణవేషము కట్టిరి. కిరీటము క్రింద తల నెరసినంత మాత్రమున ఉత్తరాంధ్ర శ్రోత కృష్ణుని కాదనలేదు. పద్యమునకు పద్యము మరల పాడించుకొన్నాడు. మగవాని ముదిసిన గొంతు మనకు అనుభవము.

ఆడుదాని ముదిసిన గొంతో? అపస్వరము. ఆమె చీర, ఆమె జుట్టు, ఆమె ముడుతలు, ఆమె చేతివణకు, అన్నియు చర్చకు వచ్చును. “ఇంట మనుమలను ఆడించుకొనరాదా” అను హితోపదేశము వచ్చును. పాటను గూర్చి మాటాడుచున్నామని చెప్పుకొనుచు మనము మాటాడునది పాటను గూర్చి కాదు. నూఱేండ్ల క్రిందట కులస్త్రీ నలుగురిలో పాడరాదంటిమి. సంస్కర్తలు పోరాడగా, బాలికలు సంగీతము నేర్చి మైకు ముందు నిలిచిరి. అప్పుడు పెండ్లియైన పిదప మానవలెనంటిమి. దానినిని దాటి పాడినవారిని ఇప్పుడు వయస్సు మీఱినది గావున మానవలెననుచున్నాము. ఆడుది పాడదగిన వయస్సు మన లెక్కలో ఎన్నియేండ్లు? పదునాఱు మొదలు ఇరువది వఱకా? పాతనిషేధమే క్రొత్తకోక కట్టుకొని, రసజ్ఞత యను పేరు పెట్టుకొని మన సావడిలో గూర్చున్నది. దానిని గుర్తుపట్టుడని మా మనవి.

ఉపాధ్యాయులవారి పక్షము మృదువైనదే గాని మేలైనది కాదు. దేవతయని కాళ్లకు మ్రొక్కి, శాలువ కప్పి, కన్నీరు కార్చి, పల్లవి ముగియకమునుపే చప్పట్లతో ముంచివేయుటలో వినుట యెక్కడ నున్నది? ఇట్టి సభలలో పొగడ్త గంట, పాట గడియ. చరణము పాడుచుండగా ఆ గొంతును వినక, ఏడ్చుచున్న శ్రోత ముఖమును చూపుదురు. విగ్రహమునకు తప్పు లేదు, నిజమే. విగ్రహమునకు సాధనయు లేదు, ప్రాణమును లేదు. కళాకారిణిని విగ్రహము చేయుట ఆమెను వేఱొక మార్గమున నోరు మూయించుటయే.

ఇంతకంటె హీనమైనది మఱొకటి కలదు. పాత రికార్డును వెనుక మ్రోగించి ముందు పెదవులు కదపించుట, లేదా 1997 నుండి వాడుకలోనికి వచ్చిన శ్రుతి దిద్దు యంత్రములతో గొంతును నునుపుచేసి వినిపించుట. ఇది శ్రోతను మోసగించుట మాత్రమే కాదు, ‘నీ నిజమైన గొంతు నలుగురిలో వినిపింపదగినది కాదు’ అని గాయనితో చెప్పుట. తడబడు నిజమైన గొంతునకు మేము చేతులెత్తి మ్రొక్కుదుము. తడబడని దొంగగొంతును మేము వినజాలము.

ఇక మాపై రాదగిన ఆక్షేపణలు. “అట్లయిన కళకు ప్రమాణము లేదా? చెడ్డపాటను మంచిపాట యనవలెనా?” అని అడుగవచ్చును. వలదు. శ్రుతి దింపుట దోషము కాదు గాని, దింపిన శ్రుతిలో నిలువకుండుట దోషమే. గమకము తగ్గించుట దోషము కాదు గాని, సాధన చేయక సభ కెక్కుట దోషమే. 1985 నాటి లెడ్ జెప్పెలినునకును 2007 నాటి లెడ్ జెప్పెలినునకును నడుమ వయస్సు ఇరువదిరెండేండ్లు పెరిగినది, పాట బాగుపడినది. చెఱిపినది వయస్సు కాదు, సాధనలేమి. ఈ కొలతతో ముసలివారిని విమర్శింపుడు, పడుచువారిని విమర్శింపుడు. వయస్సును మాత్రము నేరముగా వ్రాయకుడు.

“మానుట గౌరవము గాదా?” అనునది రెండవది. గౌరవమే, తానై మానినప్పుడు. ఎస్. జానకిగారు ఇక పాడనని 2016లో తామే ప్రకటించి, 2017 అక్టోబరు 28న మైసూరులో సభచేసి శ్రోతలయొద్ద సెలవు పుచ్చుకొనిరి. ఆ నిర్ణయమునకు మేము నమస్కరించుచున్నాము. మానుటకు వారికెంత హక్కు కలదో, మానకుండుటకును అంతే హక్కు కలదు. గుమ్మము చూపుటకు మాత్రము మనకు హక్కు లేదు.

“ధనమునకై వచ్చుచున్నారు” అనునది మూడవది. వచ్చిన నేమి? వారు పాడిన పాట యేబదియేండ్లుగా రేడియోలోను, క్యాసెట్లలోను, పెండ్లిపందిళ్లలోను మ్రోగి ఎందఱికో ధనము తెచ్చినది. పాడిననాడు ఇచ్చిన ప్రతిఫలముతో గాయకుని లెక్క ముగియుచుండెను. 2012లో కాపీరైటు చట్టమును సవరించినప్పుడు గాని గాయకులకు రాయల్టీ హక్కు చట్టములో స్పష్టముగా చేరలేదు. సీమలోని బృందములు తమ పాటలు తామే వ్రాసికొని వాని రాబడి ననుభవించుచు ముదిమిలో పాడుచున్నవి. మనవారికి ఆ భాగ్యమును లేదు. తన చెమటకు ఆలస్యముగా వచ్చిన కూలిని తీసికొనువారిని లోభులనుట మన నోటికి తగదు.

కావున చేయవలసినదేమి? కార్యక్రమములు నడుపువారు పెద్దలకు పాటల సంఖ్య తగ్గించి, సాధనకు దినములు పెంచి, శ్రుతిని వారి యిష్టమునకు విడువవలెను. అక్కడ వాద్యములు గాయకుని వెంట నడువవలెను గాని గాయకుని ఈడ్చుకొని పోరాదు. పాట ముగియువఱకు చప్పట్లు ఆపుట శ్రోతలు నేర్వవలెను. 1919లో నారాయణదాసుగారు అధ్యక్షులుగాను, ద్వారం వేంకటస్వామినాయుడుగారు వయొలిను ఆచార్యులుగాను వెలిగించిన కళాశాల మన చేరువనే యున్నది. అచ్చట చదివి, ఎక్కడను పాడక, పల్లెపల్లెలో ముదియుచున్న గొంతులెన్నో కలవు. కోవెల యుత్సవములకు దూరపు ఆర్కెస్ట్రాను పిలుచు మన కుఱ్ఱవాండ్రు, ఒక గంట యా గొంతులకును, తప్పెటగుళ్లవారిలోను జముకుల కథలవారిలోను మిగిలిన పెద్దలకును ఇచ్చిన ఉత్సవమునకు వచ్చు లోపము లేదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది ఇంటిలో నున్నది. టెలివిజను ముందు గూర్చుండి మనము వేయు ప్రతి యెగతాళిని, మన వెనుక గూర్చున్న యొక పెద్దముత్తైదువయో, వితంతువో తనకు చేసిన ఉపదేశముగా వినుచుండును. ఎవరికిని చెప్పకయే ఆమె తన పాటను మూట గట్టి అటకమీద పెట్టును. తరువాత ఆమె పోయిన దినమున, ‘ఎంత బాగుగా పాడెడిదో’ అని మనము కన్నీరు తుడుచుకొందుము.

మా దొడ్డమ్మ ఇంకను పాడలేదు. రెండుమాఱులు అడిగితిమి. “గొంతు పోయిందిరా నాయనా” అని నవ్వి ఊరకున్నది. గొంతు పోలేదు. మేము పోగొట్టితిమి. రెండు దినములుగా మా మేనల్లుడు మూడు శ్రుతిలో తంబుర నాదము పెట్టి, ఆమె కూరలు తరుగుకొను చోటికి వినబడునట్లు ప్రక్కగదిలో నుంచుచున్నాడు. ఆమె వద్దనలేదు. వాడును ఏమియు అడుగుట లేదు.

చదువరులారా, మీ యిండ్లలోను ఇట్టి గొంతొకటి యుండును. నేటి సాయంకాలము టెలివిజను కట్టి, ఒక్క పాట పాడుమని అడుగుడు. శ్రుతి వారినే ఎంచుకొననిండు. పైస్థాయి అందకపోయిన నవ్వకుడు, ఆహా యని పొగడకుడు. ఊరక వినుడు.